ఎవరికి ఏ పుస్తకమో కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వచ్చే పుస్తక పరిచయాల పేజీ గురించి ఈ ఉత్తరం. రాస్తూ రాస్తూ పొడుగైంది. స్థలం చాలకపోతే మధ్యలో కత్తిరించండి గానీ, చివర అడిగిన రెండు విషయాలు మాత్రం ఉంచమని మనవి.

మాది గుంతకల్లు. స్టేషన్‌కు పోయే దారిలో మాకొక చిన్న దుకాణం ఉంది. మా నాన్న పెట్టిన రోజుల్లో అది అచ్చంగా అద్దె పుస్తకాల షాపు. వారపత్రికలు, కొమ్మూరి డిటెక్టివ్ నవలలు, యద్దనపూడి, యండమూరి, మల్లాది, మధుబాబు షాడోలు, అన్నింటికీ ఖాకీ అట్టలు వేసి, నంబర్లు రాసి వరసగా పేర్చేవాడు. ఇప్పుడు ముందు భాగమంతా జిరాక్స్ మిషను, నోటు పుస్తకాలు, రీఛార్జి. వెనక గోడ మాత్రం పుస్తకాలదే. అద్దెకు తీసుకుపోయేవాళ్ళు తగ్గారు, ఆగిపోలేదు. రైల్వే ఊరు కాబట్టి లోకో పైలట్లు, గార్డులు, ఆసుపత్రి నర్సులు, పరీక్షలకు చదివే పిల్లలు, పింఛనుదారులు, బండి లేటైతే ఊరికే వచ్చి నిలబడేవాళ్ళు, అందరూ వస్తారు.

మీ పేజీని నేను ప్రతివారం మొదటి నుంచి చివరి దాకా చదువుతాను. కొత్తగా వచ్చిన పుస్తకాల సంగతి నాకు తెలిసేది అక్కడే. అందులో రచయిత శైలి గురించి ఉంటుంది, వస్తువు గురించి ఉంటుంది, ముందుమాట ఎవరు రాశారో ఉంటుంది. ఆఖరున ‘ప్రతి ఒక్కరూ తప్పక చదవాల్సిన పుస్తకం’ అని ఉంటుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ‘ప్రతి ఒక్కరూ’ అనేవాళ్ళు ఎవరూ లేరండీ. రాత్రి డ్యూటీ దిగి వచ్చినవాళ్ళు ఉన్నారు. అమ్మకు బాగాలేక ఆసుపత్రికి పోతూ దారిలో ఆగినవాళ్ళు ఉన్నారు. మూడోసారి పరీక్ష పోయినవాళ్ళు ఉన్నారు. ఒకరికి ప్రాణం లేచొచ్చే పుస్తకం ఇంకొకరికి ఆ వారం మింగుడు పడదు. గొప్ప పుస్తకాల జాబితాలు మనకు బోలెడున్నాయి. ఏ పుస్తకం ఎవరికి, ఏ వేళకు అన్నది చెప్పేవాళ్ళే తక్కువయ్యారు. ఒకప్పుడు ఆ పని అద్దె షాపుల వాళ్ళు, ఊరి లైబ్రేరియన్లు, ఇంట్లో చదివే పిన్నమ్మలు చేసేవాళ్ళు. స్వాతి మాసపత్రికలో మాలతీ చందూర్ గారు ‘పాత కెరటాలు’ పేరుతో ఇంగ్లీషు నవలల్ని పరిచయం చేస్తుంటే, ఆ భాష రాని మా అమ్మలాంటి వాళ్ళు ఆ కథల గురించి ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు. పరిచయం అంటే అలా ఉండాలని నా అభిప్రాయం.

నేను చూసినవి కొన్ని చెబుతాను.

గూడ్సు బండి నడిపే ఒకతను ఉన్నాడు. రాయచూరు వైపో, నంద్యాల వైపో బండి తీసుకెళ్ళి, అక్కడ రన్నింగ్ రూములో పడుకుని, మళ్ళీ బండెక్కి వస్తాడు. “ఫోన్ చూస్తే కళ్ళు మండుతున్నాయి, పడుకునే ముందు చదవడానికేదైనా ఇవ్వక్కా” అన్నాడు. అలాంటి మనిషికి సస్పెన్స్ నవల ఇవ్వకూడదు. అయిపోయేదాకా వదలడు, నిద్ర పాడవుతుంది, లేచి మళ్ళీ బండి నడపాలి. సత్యం శంకరమంచి గారి అమరావతి కథలు ఇచ్చాను. 1970ల్లో ఆంధ్రజ్యోతి వారపత్రికలో వారం వారం వచ్చినవి, మొత్తం నూరు కథలు, బాపు బొమ్మలతో. ఒక్కో కథ కొద్ది పేజీలే. కృష్ణ ఒడ్డున గుడి, పడవ నడిపేవాడు, పూలమ్మే మనిషి, వరదొచ్చిన రాత్రి. ఒకటి చదివితే మనసు నెమ్మదిస్తుంది, రెండోది రేపటికి అట్టే పెట్టుకోవచ్చు. అతను ఆ పుస్తకం చాలా రోజులు తిప్పి ఇవ్వలేదు. అడిగితే “రోజుకొకటే చదువుతున్నానక్కా, అయిపోతుందని భయం” అన్నాడు. ఆ తర్వాత సెలవు పెట్టి పిల్లల్ని వెంటబెట్టుకుని అమరావతి చూసొచ్చాడు.

అది అయ్యాక అతనికి ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర ఇచ్చాను. ఆ పుస్తకం పేరు చెబితే చాలామంది పరీక్షలో ఒక మార్కు ప్రశ్న అనుకుంటారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒకరి భాష ఇంకొకరికి తర్జుమా చేసి చెప్పేవాడిగా, పనిచేసిన ఆయన, 1830లో పరివారంతో బయల్దేరి కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, కలకత్తా చూసుకుని, 1831లో తిరిగొచ్చాడు. పుస్తకం 1838లో అచ్చయింది. మనదేశంలో రైలు లేని కాలం. ఏ మజిలీలో మంచినీళ్ళు బాగున్నాయి, ఎక్కడ అంగళ్ళున్నాయి, ఏ దారి రాళ్ళమయం, ఏ ఏరు ఎలా దాటాలి, అన్నీ ఓపిగ్గా రాసుకున్నాడు. పట్టాల మీద బతికే మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? మా లోకో పైలట్ రోజుకు వాళ్ళు ఎంత దూరం నడిచారో, అదే దూరం తన బండి ఎంతసేపట్లో పోతుందో లెక్కేసుకుంటూ చదివాడు. ఆ లెక్కలు ఒక తెల్ల కాగితం మీద రాసి పుస్తకంలోనే వదిలేశాడు, నేను తీయలేదు. ఇదే పుస్తకాన్ని హడావిడిలో ఉన్నవాళ్ళకు ఇస్తే పదో పేజీ దగ్గర తిరిగొస్తుంది. పాత వాడుక, పొడుగు వాక్యాలు. తీరిక ఉండాలి, దారులంటే ఇష్టం ఉండాలి.

ఇక ఆసుపత్రి వాళ్ళ సంగతి. మా వైపు నుంచి పెద్ద జబ్బులకు బెంగళూరు పోతారు. నెలల తరబడి రోగి పక్కన స్టూలు మీద కూర్చోవడం ఎంత కష్టమో కూర్చున్నవాళ్ళకే తెలుసు. ఒకామె వాళ్ళమ్మకు కీమో ఇప్పించడానికి తిరుగుతూ, “ఏదైనా తేలికది కావాలి, నర్సు పిలిస్తే మధ్యలో మూసేయాలి, మళ్ళీ తెరిస్తే వెనక్కి వెళ్ళి చదవాల్సిన పని ఉండకూడదు” అంది. అంత చక్కగా తన అవసరం చెప్పగలిగినవాళ్ళు తక్కువ. సోమరాజు సుశీల గారి ఇల్లేరమ్మ కతలు ఇచ్చి పంపాను. చిన్నపిల్ల గొంతుతో చెప్పిన ఇంటి ముచ్చట్లు. ఆమె పైకి చదువుతుంటే వాళ్ళమ్మ నవ్విందట, పక్క మంచం ఆవిడ కూడా ఇటు తిరిగి “ఇంకోటి చదువమ్మా” అందట. తర్వాత భానుమతి గారి అత్తగారి కథలు తీసుకెళ్ళింది. ఆ తర్వాత యద్దనపూడి నవలలు, ఒకటి తర్వాత ఒకటి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. యద్దనపూడి సులోచనారాణి నవలలంటే ‘కాలక్షేపం’ అని పెదవి విరిచేవాళ్ళతో నాకు తగవుంది. 1960ల్లో వచ్చిన ‘సెక్రటరీ’ని ఆసుపత్రి వరండాలో కూర్చుని చదివే మనిషికి, ఆ కథ ఎలా ముగుస్తుందో ముందే తెలుసు. తెలిసే చదువుతుంది. తన ఇంట్లో ఏది ఎలా ముగుస్తుందో తెలియని రోజుల్లో, ముగింపు ఖాయంగా తెలిసిన కథ ఒకటి చేతిలో ఉండటం ఎంత ఆసరానో ఆలోచించండి. ఆమెకు అప్పుడు ‘చివరకు మిగిలేది’ ఇస్తే ఏం చేసుకుంటుంది? బుచ్చిబాబు గారి ఆ నవల నాకు ప్రాణం. అందులో నాయకుడు దయానిధిని పట్టుకుని రాత్రంతా మేలుకున్నదాన్ని. అయినా ఆమెకు ఆ రోజుల్లో అది ఇవ్వను.

అలాగే గోపీచంద్ గారి అసమర్థుని జీవయాత్ర. తెలుగులో వచ్చిన నవలల్లో మేలైనది, సందేహం లేదు. గ్రూప్స్ పరీక్ష పోయి, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా, మా షాపు గుమ్మం మీద కూర్చునే ఒక అబ్బాయి ఆ అట్ట చూసి “ఇది నా గురించేనా మేడమ్” అని చేయి చాపాడు. ఇవ్వలేదు. ఇంకో ఏడాదికి చదువుకోవచ్చు, అదెక్కడికీ పోదు. అలాంటి వాళ్ళకు అందరూ కట్టబెట్టే వ్యక్తిత్వ వికాసం పుస్తకాలూ ఇవ్వలేదు. అవి చదివి, అందులో చెప్పినట్టు పొద్దున్నే లేవలేక, ఇంకాస్త కుంగిపోయిన పిల్లల్ని చూశాను. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి బారిష్టర్ పార్వతీశం ఇచ్చాను. మొదటి భాగం 1924లో వచ్చింది, నూరేళ్ళు దాటింది. మొగల్తూరు నుంచి ఎవరికీ చెప్పకుండా బారిష్టరు చదువుకని బయల్దేరిన కుర్రాడు. రైలు తెలియదు, ఓడ తెలియదు, టోపీ కొనడం తెలియదు, ముల్లుగరిటె పట్టడం తెలియదు. అడుగడుగునా నవ్వులపాలవుతాడు, అయినా వెనక్కి తిరగడు. నవ్వించే పుస్తకమే, కానీ నాలుగుచోట్ల భంగపడినవాడికి అందులో దొరికేది నవ్వు ఒక్కటే కాదు. ఆ అబ్బాయి రెండో భాగం అడిగి తీసుకెళ్ళాడు.

అతనే తర్వాత మళ్ళీ పరీక్షలకు కూర్చుంటానంటే, సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర చేతిలో పెట్టాను. 1949లో వచ్చిన పుస్తకం, 1955లో తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు దీనికే. పోటీ పరీక్షల పిల్లలు గైడ్లలో బిట్లు బట్టీ పెడతారు. ఈ పుస్తకంలో రాజుల యుద్ధాలు కాదు, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ పండుగ ఎలా చేసుకున్నారు అన్నది ఉంటుంది. పాత కావ్యాల్లో ఎక్కడో ఒక పద్యంలో దాగిన పూటకూళ్ళ ఇంటినో, కోడిపందేన్నో పట్టుకుని బయటికి లాగుతాడాయన. పరీక్షకు పనికొస్తుంది, పరీక్ష లేకపోయినా చదవొచ్చు.

పిల్లల విషయానికొస్తాను, నాకు ఎక్కువ బెంగ వాళ్ళ గురించే. రైల్వే క్వార్టర్స్ పిల్లలు దాదాపు అందరూ ఇంగ్లీషు మీడియం. తెలుగు చదవగలరు, కూడబలుక్కుని. వాళ్ళకు ‘మాతృభాషను ప్రేమించు’ అని చెబితే పారిపోతారు. వాళ్ళకు ఇవ్వాల్సింది రైలుబడి. తెత్సుకో కురొయనాగి అనే జపాన్ ఆవిడ తన చిన్నతనం గురించి రాసింది, మనకు తెలుగులో చక్కగా వచ్చింది. అల్లరి ఎక్కువని ఒక బడి నుంచి తీసేసిన పాపను వాళ్ళమ్మ టోక్యోలో ఇంకో బడికి తీసుకెళ్తుంది. అక్కడ తరగతి గదులన్నీ పాత రైలు పెట్టెలు! మొదటి రోజు హెడ్మాస్టరు కొబయాషి ఆ పాపను కూర్చోబెట్టి, నీకు చెప్పాలనిపించిందంతా చెప్పమంటాడు. ఆమె నాలుగు గంటలు మాట్లాడుతుంది. ఆయన నాలుగు గంటలూ వింటాడు, ఒక్కసారి కూడా విసుక్కోడు. యుద్ధంలో బాంబులు పడి 1945లో ఆ బడి కాలిపోయింది. ఈ పుస్తకం చదివిన ఐదో తరగతి పిల్లవాడొకడు వాళ్ళ నాన్నను యార్డులో పక్కన పెట్టిన బోగీలు ఎవరివి, అడిగితే ఇస్తారా అని రోజూ వేధిస్తున్నాడట. తండ్రి నా దగ్గరికొచ్చి ఫిర్యాదు చేశాడు, నవ్వుతూనే. పోయేటప్పుడు తను చదవడానికి ఇంకో ప్రతి ఉందా అని అడిగాడు.

తర్వాత నామిని సుబ్రమణ్యం నాయుడు గారి సినబ్బ కతలు. ఆయన రాసేది చిత్తూరు జిల్లా పల్లె మాట. మాది అనంతపురం జిల్లా, యాసలో కొద్దిగా తేడా ఉన్నా “మా అవ్వ మాట్లాడినట్టే ఉంది” అన్న పిల్లలున్నారు. పాఠ్యపుస్తకంలో వాళ్ళు ఎన్నడూ చూడని తెలుగు అది, ఇంట్లో రోజూ వినే తెలుగు. ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలు కూడా అంతే, నెల్లూరు ముస్లిం ఇంటి ముచ్చట్లు. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కాస్త పెద్ద పిల్లలకు. బుడుగు గురించి నేను చెప్పక్కర్లేదు. ఒక్క సలహా, బుడుగును పిల్లలకు ఇచ్చి ఊరుకోకండి, పెద్దవాళ్ళు పక్కన కూర్చుని పైకి చదవాలి. ఆ భాష చెవితో వింటేనే పడుతుంది. చదివేవాళ్ళు ముందు నవ్వాపుకోలేక ఆగిపోతారు, పిల్లలకు ఆ ఆగడమే సరదా. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ లాంటి సీరియళ్ళు పదేళ్ళు దాటిన మగపిల్లలకు ఇప్పటికీ పనిచేస్తాయి, చేతిలో సెల్‌ఫోన్ ఉన్నా సరే. ఆకాశం గురించి, మనిషి పుట్టుక గురించి అడిగే పిల్లలుంటే నండూరి రామమోహనరావు గారి విశ్వరూపం, నరావతారం ఇవ్వండి. తర్వాత తెలిసిన సైన్సు వాటిలో ఉండదు, అది ముందే చెప్పి ఇవ్వాలి. అయినా సైన్సును అంత ఇంపుగా చెప్పిన తెలుగు ఇంకెక్కడుంది?

నేను పుస్తకాలు చదవనమ్మా అనేవాళ్ళు ఒక వర్గం. స్టాండులో ఆటో పెట్టుకుని బండ్ల కోసం చూసే కుర్రాళ్ళు, టీ కొట్టు వాళ్ళు. వీళ్ళకు నేను మారుమాట లేకుండా ఇచ్చేది డాక్టర్ కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’. సన్నటి పుస్తకం. ఒక ముసలాయన, తప్పిపోయిన సుక్క పంది, అడవి, ఒక రాత్రి. అంతే కథ. ఉపన్యాసాలుండవు, ఎవరూ ఎవరికీ నీతి చెప్పరు. కేశవరెడ్డి గారు చిత్తూరు జిల్లా వాడు, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేశారు. మనం పక్కకు తప్పుకుని పోయే మనుషుల్ని ఆయన దగ్గరగా కూర్చుని చూశారని ఏ పుస్తకం తీసినా తెలుస్తుంది. ఒక ఆటో అబ్బాయి సగం చదివి, రాత్రి తొమ్మిదింటికి షట్టరు దించుతుంటే వచ్చి, “అక్కా, ఒక్కటి చెప్పు, ఆ పందికేమైనా అవుతుందా?” అని అడిగాడు. నేను చెప్పలేదు. తెల్లారి వచ్చి పుస్తకం ఇచ్చి, ఏమీ అనకుండా ఇంకోటి అడిగాడు. పెద్దింటి అశోక్‌కుమార్ ‘జిగిరి’ ఇచ్చాను, ఎలుగుబంటిని ఆడించుకుని బతికే కుటుంబం కథ. మా సీమ చరిత్ర మీద మనసున్నవాళ్ళకు బండి నారాయణస్వామి గారి శప్తభూమి. అది పెద్దది, ఆగి ఆగి చదవాలి.

ఆడవాళ్ళు కొందరు ఇంట్లో మాటా మాటా పెరిగి, కూరగాయల సంచీతో ఇటొచ్చి కాసేపు నిలబడతారు. వాళ్ళు ఏమీ అడగరు. నేనూ ఏమీ అడగను. పి. సత్యవతి గారి కథల సంపుటి తీసి ‘ఇల్లలకగానే’ ఉన్న పేజీ తెరిచి ఇస్తాను. పది నిమిషాల్లో అక్కడే నిలబడి చదివేయవచ్చు. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన ఇల్లాలి కథ. చదివి ఒకామె తన పేరు పైకి చెప్పుకుంది. ఓల్గా గారి విముక్త ఇంకొంచెం నెమ్మదైనది, కోపం చల్లారాక ఆలోచించుకునే వేళకు. రంగనాయకమ్మ గారి స్వీట్ హోమ్ అయితే, నవ్వుకుంటూనే వాదించాలనుకునేవాళ్ళకు.

భార్య పోయిన రిటైర్డు తెలుగు పండితులొకరు పద్యాలు కావాలన్నారు. విశ్వనాథ వారు తన భార్య పోయాక రాసిన వరలక్ష్మీ త్రిశతి తెప్పించి ఇచ్చాను. దుఃఖంలో ఉన్నవాళ్ళను నవ్వించాలని చూడకూడదని కాదు. కొందరికి మాత్రం తమ దుఃఖాన్నే ఛందస్సులో విన్నప్పుడు గొంతు పెగులుతుంది. ఆయన తరవాత జాషువా గబ్బిలం తీసుకెళ్ళి మా వీధి పిల్లలకు అరుగు మీద రాగం తీసి వినిపించారు. చెప్పుకోవడానికి ఎవరూ లేక తన మొరను గబ్బిలంతో కాశీలోని శివుడికి పంపుకునే మనిషి మాటలు అవి. పుస్తకం 1941 నాటిది, పిల్లలు అడిగిన ప్రశ్నలు మాత్రం ఈ నాటివి. కవిత్వం కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకైతే తిలక్ అమృతం కురిసిన రాత్రి. అందులో ‘తపాలా బంట్రోతు’ ముందు చదవమంటాను.

బెంగళూరు ఆఫీసుల నుంచి శనివారం వచ్చి ఆదివారం రాత్రి పోయే పిల్లలకు వనవాసి. విభూతిభూషణుడి బెంగాలీ నవలకు సూరంపూడి సీతారాం గారి తెలుగు. ఉద్యోగం కోసం బీహారు అడవుల్లోకి పోయిన పట్నం మనిషి, అక్కడి నుంచి మనసు తిప్పుకోలేకపోవడం. ఒక్క షరతు, రైల్లో కిటికీ పక్క సీటు దొరికినప్పుడే.

ఇదంతా నా గొప్ప చెప్పుకోవడానికి కాదు. ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి అనుభవం ఉన్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాట అచ్చులోకి రావడం లేదు. అందుకని నా మొదటి మనవి ఇది. మీ పరిచయాల పేజీలో ఒక మూల, ‘ఎవరికి ఏ పుస్తకం’ అని నాలుగు అంగుళాల చోటు పాఠకులకు వదలండి. ఏ పుస్తకం, ఏ పరిస్థితిలో ఉన్న మనిషికి ఇచ్చాం, ఏమైంది, ఇంతే రాయాలి. పాత పుస్తకమైనా పర్వాలేదనండి, పాతవాటి గురించే ఎక్కువ రావాలి. ఏ పుస్తకం ఎవరికి ఇప్పుడు వద్దో కూడా రాయనివ్వండి. దానివల్ల పుస్తకానికి వచ్చే అవమానం ఏమీ లేదు.

మీరు రాసే పరిచయాల్లోనూ రెండు మూడు వివరాలు చేర్చండి. అక్షరాలు ఎంత పెద్దవో రాయండి. అరవై దాటినవాళ్ళు నన్ను మొదట అడిగేది అదే. పేజీలు ఎన్నో, చేత్తో పట్టుకుని పడుకుని చదవగలమా లేదా చెప్పండి. ముఖ్యంగా ‘ప్రతులకు: అన్ని ప్రముఖ పుస్తక కేంద్రాలు’ అనే వాక్యం తీసేయండి. మా ఊళ్ళో ప్రముఖ పుస్తక కేంద్రం ఏదీ లేదు. ఆదోనిలోనో, డోన్‌లోనో ఉండే మనిషి ఆ వాక్యం చదివి ఏం చేయాలి? విజయవాడ పుస్తక మహోత్సవానికో, హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కో అందరూ పోలేరు. ఏ నంబరుకు ఫోన్ చేస్తే పోస్టులో పంపుతారో, పోస్టు ఖర్చుతో కలిపి ఎంతవుతుందో వేస్తే, ఆ రోజే పదిమంది తెప్పించుకుంటారు. రచయిత ఫొటో తగ్గించైనా ఈ ఒక్క లైను వేయండి.

రెండో మనవి మీ ద్వారా రెండు రాష్ట్రాల గ్రంథాలయ శాఖలకు. ఇంటి పన్ను కట్టే ప్రతి ఒక్కరం రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ డబ్బు లైబ్రరీల చేతికి సకాలంలో చేరాలి, చేరిన డబ్బుతో కథలూ నవలలూ పిల్లల పుస్తకాలూ కొనాలి. నేను చూసిన శాఖా గ్రంథాలయాల్లో దినపత్రికల బల్ల దగ్గర, పోటీ పరీక్షల గైడ్ల దగ్గర జనం కిటకిటలాడుతుంటారు, సాహిత్యం బీరువాలకు తాళాలుంటాయి. వేటపాలెం సారస్వత నికేతనం లాంటి లైబ్రరీలు కట్టుకున్న జాతి మనది. ఆ బీరువాల తాళాలు తీసి, ప్రతి లైబ్రరీలో గుమ్మం దగ్గర ఒక లావుపాటి నోటుబుక్కు పెట్టమనండి. చదివినవాళ్ళు తమకు నచ్చిన పుస్తకం పేరు, అది ఎలాంటి రోజున చదివారో ఒక్క వాక్యం రాస్తారు. తర్వాత వచ్చినవాళ్ళు బీరువా ముందు నిలబడి తికమకపడకుండా ఆ పుస్తకం తిరగేస్తారు. దీనికి జీవో అక్కర్లేదు, బడ్జెట్టు అక్కర్లేదు. మా షాపులో అలాంటి పుస్తకం ఉంది, దాన్ని చూసే సగంమంది పుస్తకాలు ఎంచుకుంటారు. కావాలంటే అందులోంచి పేర్లు తీసేసి కొన్ని పేజీలు జిరాక్స్ చేసి మీకు పంపగలను.

మీరు ఆ మూల చోటు ఇవ్వదలిస్తే వేసవి సెలవుల ముందే మొదలుపెట్టండి. పిల్లలు ఇళ్ళలో ఉంటారు, తల్లిదండ్రులు ఏం ఇవ్వాలో తెలియక వెతుకుతుంటారు. మొదటి వారానికి పనికొస్తుందేమోనని రైలుబడి గురించి పది లైన్లు విడిగా రాసి ఈ కవరులోనే పెట్టాను. పుస్తకంలో అక్షరాల సైజు, పేజీల సంఖ్య, మా దగ్గరున్న ప్రతి వెల కూడా అందులో రాశాను.

ఇట్లు,
అద్దె పుస్తకాల షాపు నడిపే ఒక పాఠకురాలు,
గుంతకల్లు, అనంతపురం జిల్లా.